పాత ల్యాప్‌టాప్ వేడెక్కుతోందా? ముందు మురుగు ఎక్కడ ఆగిందో చూడండి

రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండున్నర. కాలువలు కట్టేసి నెల దాటింది, కొబ్బరాకు కూడా కదలడం లేదు. పాలకొల్లు దగ్గర మా ఇంట్లో మేనల్లుడు ఈఏపీసెట్ మాక్ టెస్ట్ రాస్తున్నాడు. 160 ప్రశ్నల్లో వందో ప్రశ్న దాటాడో లేదో, ల్యాప్‌టాప్ ఫ్యాను రైస్‌మిల్లులా హోరెత్తి, ఆ వెంటనే టక్కున ఆగిపోయింది. తెర నల్లబడింది. "మావయ్యా, పోయింది" అన్నాడు వాడు, పోయింది పరీక్షో ల్యాప్‌టాపో చెప్పకుండా.

అది మా చెల్లి 2013లో కొన్నది. లోపల ఇంటెల్ మూడో తరం ఐ5 ప్రాసెసర్. అప్పట్లో గట్టి సరుకే. చేతిలోకి తీసుకుని చూస్తే ఎడమ పక్క గాలి బయటికొచ్చే జాలీ దగ్గర వేలు ఆనిస్తే కాలుతోంది.

సాయంత్రానికి ఇంట్లో సలహాల సభ జరిగింది. ఎదురింటాయన కూలింగ్ ప్యాడ్ కొనమన్నారు. ఫోన్లో అడిగితే రిపేరు షాపు కుర్రాడు "ఆయ్, పేస్టు ఎండిపోయుంటుందండి, మార్చేస్తే సరిపోద్ది" అన్నాడు. మా బావగారు లో ఓల్టేజి వల్లే అని తేల్చారు. పక్కింటి పిన్నిగారైతే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. చివరిది తప్ప మిగతా వాళ్లెవరూ మరీ తప్పు చెప్పారనలేను. కానీ జబ్బు ఏదో చూడకుండా ఎవరి మందు వాళ్లు రాసిచ్చారు.

నిజానికి డెల్టాలో ఉన్నవాళ్లకి ఈ సంగతి అర్థం కావడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. మన దగ్గర చేలోకి నీళ్లు తేవడం కంటే చేలోంచి నీళ్లు పంపించడమే పెద్ద తలనొప్పి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తేవడం సంగతి చాలావరకు తీరింది. పంపించడం సంగతి ఇప్పటికీ తీరలేదు. పెద్ద వాన పడితే నీరు చేలోంచి తూము దాటాలి, మురుగు కాలువలో పడాలి, డ్రెయిన్ మీదుగా సముద్రంలో కలవాలి. తూము పూడిపోయినా మునక, డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకున్నా మునక. అన్నీ బాగున్నా సముద్రం పోటు మీదుంటే అప్పుడూ మునకే. గట్టు మీద నిలబడి చూస్తే మూడూ ఒకేలా కనబడతాయి. మందు మాత్రం మూడింటికీ వేరు.

ల్యాప్‌టాప్‌లో వేడిది కూడా అచ్చం ఇదే వరస. ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్, తినే కరెంటు వాన. చిప్‌కీ దాని మీది రాగి పలకకీ మధ్య పూసే పేస్టు తూము. రాగి గొట్టం, సన్నటి రెక్కలు, ఫ్యాను కలిసి డ్రెయిన్. గదిలో గాలి సముద్రం.

వేడి నడిచే దారి

ఆ తరం ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ సామర్థ్యం మామూలుగా 35 వాట్లు. తర్వాత వచ్చిన పలచటి వాటిలో 15 వాట్లు. 35 వాట్లంటే ఎంత అనిపించొచ్చు, పాత ఫిలమెంట్ బల్బు కూడా కాదు. కానీ టీవీ రిపేరు షాపులో వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. సీసం కరిగించే ఆ కడ్డీ కంటే ఎక్కువ కరెంటు, బొటనవేలి గోరంత సిలికాన్ ముక్కలోకి పోతోంది. ప్రాసెసర్ ఎన్ని లెక్కలు చేసినా, లోపలికి వెళ్లిన కరెంటు అంతా చివరికి వేడిగానే మారుతుంది. దాన్ని క్షణక్షణం తోడి బయట పొయ్యాలి.

తోడే పని ఇలా జరుగుతుంది. చిప్ మీద పలచగా పేస్టు, దాని మీద రాగి పలక, ఆ పలకకి అతికించి చదునుగా నొక్కిన రాగి గొట్టం. చూడ్డానికి అది కడ్డీలా ఉంటుంది గానీ లోపల బోలు. గాలి తీసేసి, కొద్దిగా నీరు పోసి మూత వేసేస్తారు. గాలి లేదు కాబట్టి నీరు వంద డిగ్రీలదాకా ఆగకుండా చాలా తక్కువ వేడికే మరుగుతుంది. చిప్ వైపు కొసన ఆవిరై రెండో కొసకి పరుగెత్తి, అక్కడ చల్లబడి మళ్లీ నీరై, గొట్టం గోడల్లోని సన్నటి రాగి జల్లెడ పట్టుకుని వెనక్కి వస్తుంది. ఇడ్లీ పాత్ర మూత కింద ఆవిరి చేరి చుక్కలై జారడం చూస్తాం కదా, అదే పని, కాకపోతే నిమిషానికోసారి మూత తెరిచేవాళ్లు లేరు. ఆ రెండో కొసన దువ్వెన పళ్లలాంటి రాగి లేదా అల్యూమినియం రెక్కలుంటాయి. ఫ్యాను ఊదే గాలి వాటి మధ్యనుంచి దూరి, వేడి మోసుకుని జాలీలోంచి బయటికొస్తుంది.

దారిలో ఎక్కడ అడ్డు పడినా చిప్ వేడెక్కుతుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకి హద్దు 100 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. హద్దు తగిలితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే వాన తగ్గించమని పైవాడికి మొర పెట్టుకోవడం కాదు, చేనే వానని తగ్గించేసుకోవడం. అప్పుడు కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. చాలామంది దీన్ని వైరస్ అనుకుని విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. వారం బాగున్నట్టుంటుంది, మళ్లీ మామూలే. వేగం తగ్గించుకున్నా వేడి దిగకపోతే చిప్ కాలిపోకుండా మొత్తం ఆపేస్తుంది. మా వాడికి జరిగింది అదే.

ఇక్కడో తేడా గుర్తుపెట్టుకోవాలి. ఒళ్లు చల్లగా ఉండగానే, చార్జర్ తీసిన రెండు మూడు నిమిషాలకి ఆగిపోతుంటే అది వేడి జబ్బు కాదు, బ్యాటరీ జబ్బు. అలాగే కొన్ని ల్యాప్‌టాప్‌లు తమది కాని చార్జర్ తగిలిస్తే గుర్తుపట్టక, వేడి లేకపోయినా వేగం బాగా తగ్గించేస్తాయి. ఈ రెండూ వేడి ఖాతాలో రాసి పేస్టు మార్పించిన వాళ్లని నేను చూశాను.

అడ్డు ఎక్కడుందో కనిపెట్టడం

డబ్బు ఖర్చు పెట్టేముందు పదిహేను నిమిషాలు ఖర్చు పెట్టండి. కోర్ టెంప్ అనే ప్రోగ్రాము గానీ హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనేది గానీ ఉచితంగా దొరుకుతుంది, చిప్ లోపలి డిగ్రీలు చూపిస్తుంది. పక్కనే, ఏ ప్రోగ్రాము ఎంత పని చేయిస్తోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకోండి. ఏ పనీ లేనప్పుడు పాత ల్యాప్‌టాప్ మన ఎండాకాలంలో 50, 55 దగ్గర ఉంటే బాధ లేదు. పని చేస్తున్నప్పుడు 80, 85 వరకు వెళ్లినా గాభరా పడక్కర్లేదు. 95 దాటి అక్కడే కూర్చుంటే మాత్రం చూడాలి.

మొదట టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్, వాడకం చూడండి. మీరేమీ చేయకుండానే 40, 50 శాతం చూపిస్తుంటే చేను తప్పు లేదు, వాన పడుతోంది. ఏదో అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో, మూసేయడం మర్చిపోయిన బ్రౌజర్ ట్యాబో వెనకాల పని చేస్తోంది. వాడకం రెండు మూడు శాతమే ఉండి డిగ్రీలు 75 చూపిస్తుంటే, వాన లేకుండానే నీరు నిలిచినట్టు. అడ్డు లోపల ఉంది.

అడ్డు తూములోనా, డ్రెయిన్‌లోనా? దీనికి నాకు తెలిసిన మంచి పరీక్ష వేడి ఎక్కే వేగం. ఒక బరువైన పని పెట్టండి. డిగ్రీలు రెండు మూడు సెకన్లలోనే 50 నుంచి 95కి ఎగిరి, పని ఆపగానే అంతే వేగంగా కిందపడితే, చిప్ దగ్గరే దారి మూసుకుపోయింది. వేడి రాగి పలకలోకే పోవడం లేదు. పేస్టు ఎండింది, లేదా పలక సరిగ్గా ఆనడం లేదు. అలాకాకుండా ఐదు పది నిమిషాలు మెల్లగా ఎక్కుతూ పోయి, పని ఆపాక కూడా మెల్లగానే దిగుతుంటే, పేస్టు తన పని తను చేస్తోంది. రాగి అంతా వేడెక్కింది, రెక్కల దగ్గర గాలి ఆడడం లేదు. దుమ్మో, ఫ్యానో. ఈమధ్య వచ్చిన కొత్త చిప్‌లు మంచి స్థితిలో ఉన్నా ఒక్క ఎగురు ఎగురుతాయి కాబట్టి వాటికి ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు. పాతవాటికి పనిచేస్తుంది.

రెండో సాక్షి జాలీ దగ్గర పెట్టిన మీ అరచెయ్యి. చిప్ 95లో ఉండగా గాలి నీరసంగా, వేడిగా వస్తుంటే దుమ్ము. గాలి జోరుగా ఉండి చల్లగా వస్తుంటే పేస్టు, లేదా అరుదుగా రాగి గొట్టమే చిల్లి పడి నీరు పోగొట్టుకుని ఉంటుంది. గాలి జోరుగానూ వేడిగానూ వస్తుంటే డ్రెయిన్ నిండుగా పారుతోందన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్‌ని విప్పి సాధించేది లేదు, వాన తగ్గించుకోవాలి.

మా వాడిది నిమిషాల మీద మెల్లగా ఎక్కింది. గాలి ముక్కుతూ మూలుగుతూ వస్తోంది.

డ్రెయిన్ పూడిక

కింద మూత విప్పి ఫ్యాను పక్కకి తీస్తే, ఫ్యానుకీ రెక్కలకీ మధ్య చిటికెన వేలు మందాన బూడిదరంగు దుప్పటి ముక్క ఒకటి పరిచినట్టుంది. పట్టుకారుతో కొస పట్టి లాగితే మొత్తం ఒక్క పట్టీలా ఊడొచ్చింది. వెలుగుకి పెట్టి చూశాను. జుట్టు, పరుపు దూది, కొబ్బరి పీచు నూగు. వాటన్నిటినీ కలిపి పట్టుకున్నది దోమల కాయిల్ పొగ మసీ, వంటింటి నూనె ఆవిరీ. మా వీధి చివర పీచు ఆరబోస్తారు, వాడు కాయిల్ పక్కనే పెట్టుకుని చదువుతాడు. పొడి ప్రాంతాల్లో దుమ్ము పొడిగానే ఉండి ఉఫ్ అంటే ఎగిరిపోతుంది. మన తేమకి అది తడిసి ఆరి తడిసి ఆరి అట్టకడుతుంది. అందుకే డెల్టాలో బయటినుంచి ఊదినంత మాత్రాన పని అవదు, చాలాసార్లు విప్పాల్సిందే.

ఊదడం గురించి ఒక అనుభవం చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా సొంత ల్యాప్‌టాప్‌ని తీసుకెళ్లి పంక్చర్ షాపులో గాలి పట్టించాను. గొప్ప ఉపాయం అనుకున్నాను. కంప్రెసర్ ట్యాంకులో మన గాలిలోని తేమంతా నీరై అడుగున చేరి ఉంటుంది, దానికి తోడు కొంచెం ఆయిలు. మొదటి దెబ్బకే జాలీలోంచి సన్నటి తుంపర కొట్టింది. రెండో తప్పు, ఆ జోరుకి ఫ్యాను పుట్టిన దగ్గర్నుంచీ తిరగనంత వేగంగా తిరిగింది. అలా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పైగా తిరిగే మోటారు తానే కరెంటు పుట్టించి బోర్డు మీదికి తోస్తుంది. నా ఫ్యాను మర్నాటి నుంచి గరగరమనడం మొదలుపెట్టింది. నెలలోపు కొత్తది తెప్పించుకున్నాను.

ఇంట్లో చేసుకోదలిస్తే: ఆపేసి, చార్జర్ తీసి, మూత విప్పగానే ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి. ఫ్యాను రెక్కల మధ్య ఒక చీపురుపుల్ల అడ్డం పెట్టి తిరగకుండా చేసి, చిన్న చేతి బ్లోయర్‌తో జాలీ వైపు నుంచి లోపలికి ఊదండి. మిగిలింది మెత్తటి పెయింటు బ్రష్షుతో. స్క్రూలు ఏ చోటువి ఆ చోటే, ఎందుకంటే పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే బోర్డుకే చిల్లు. నేను కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ అక్కడ గుచ్చుతాను. మోడల్ పేరుతో యూట్యూబులో వెతికితే విప్పే తీరు చూపించే వీడియో దాదాపు ప్రతిదానికీ దొరుకుతుంది. కొన్ని పాత మోడళ్లలో ఫ్యాను చేరాలంటే కీబోర్డు, బోర్డు అన్నీ ఊడదీయాలి. వీడియోలో అది చూసి గుండె జారితే మొహమాటపడకండి, షాపుకి ఇచ్చేయండి.

విప్పినప్పుడు చీమల గూడు కనబడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వానాకాలంలో వాటికి వెచ్చటి ఇల్లు దొరికితే వదులుతాయా.

తూము: పేస్టు అంటే పూతరేకు

పేస్టు గురించి ఉన్నంత అపోహ మరి దేని గురించీ లేదు. అది వేడిని బ్రహ్మాండంగా మోసే పదార్థం అనుకుంటారు. రాగితో పోలిస్తే మంచి పేస్టు కూడా వేడి మోయడంలో యాభై రెట్లు వెనకే. మరెందుకు పూయడం? చిప్ పైభాగం, రాగి పలక అడుగు రెండూ కంటికి నున్నగా ఉన్నా, దగ్గరగా చూస్తే గీతలూ గుంటలూ. ఆ సందుల్లో గాలి ఉండిపోతుంది. గాలి మరీ ఘోరం, పేస్టు దానికంటే వంద రెట్లకు పైగా మెరుగు. కాబట్టి పేస్టు పని గాలిని తోసేసి సందు నింపడం, అంతే. రాగి చిప్‌ని ఆనగలిగిన చోట పేస్టు అడ్డే.

అందుకే పేస్టు పూతరేకంత ఉండాలి. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి తీస్తే మిగిలే ఆ పొర. ఆత్రేయపురంలో ఎవరూ రేకుని దిబ్బరొట్టె మందాన వెయ్యరు కదా. కానీ రిపేరు పేరుతో చిప్ చుట్టూ పేస్టు వెన్నలా పొర్లిపోయి ఉండటం చాలా చూశాను. ల్యాప్‌టాప్ చిప్‌కి కందిగింజంత చాలు. మధ్యలో పెట్టి పలక బిగిస్తే అదే పరుచుకుంటుంది. బిగించేటప్పుడు పలక చుట్టూ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. ఆ వరసలో, కారు చక్రం నట్లు బిగించినట్టు కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా. ఒక పక్క ముందే పూర్తిగా బిగిస్తే రెండో పక్క లేచి సందు మిగులుతుంది, ఎంత ఖరీదైన పేస్టు పూసినా దండగ.

పాతది తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ. ఇంకో ముఖ్యమైన సంగతి: పక్కనున్న చిన్న చిప్‌ల మీద పేస్టు బదులు నీలంగానో బూడిదగానో మెత్తటి ప్యాడ్ ముక్కలుంటాయి. అక్కడ సందు ఎక్కువ కాబట్టే ప్యాడ్ పెట్టారు. చినిగాయని వాటిని పారేసి పేస్టు నింపితే అది సందు అందుకోలేదు, ఆ చిప్ దిక్కులేనిదై కాలుతుంది. అదే మందం ప్యాడ్ తెచ్చి వెయ్యాలి.

పదేళ్ల ల్యాప్‌టాప్‌లో పేస్టులోని సిలికాన్ నూనె ఎప్పుడో విడిపోయి, మిగిలింది సుద్దముక్కలా పొడి రాలుతూ ఉంటుంది. కాబట్టి దుమ్ము కోసం ఎలాగూ విప్పాం గనక పేస్టు కూడా మార్చేయడం మంచిదే. మేమూ మార్చాం. కానీ రెండేళ్ల క్రితమే మార్చిన దానికి, మెల్లగా వేడెక్కుతున్న దానికి, మళ్లీ పేస్టు అనడం మాత్రం పూడిన డ్రెయిన్ వదిలేసి తూముకి కొత్త తలుపు పెట్టించడం.

సముద్రం మన చేతిలో లేదు

ఫ్యాను గాలిని చల్లబరచదు, ఉన్న గాలినే ఊదుతుంది. అందువల్ల గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా ఉజ్జాయింపుగా అన్ని డిగ్రీలు పెరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో గది 26లో ఉండగా 80 చూపించిన ల్యాప్‌టాప్, మేలో గది 38 అయితే అదే పనికి 92 చూపిస్తుంది. దానికేం జబ్బు చేయలేదు, పోటు పెరిగింది. జనవరిలో బాగుండి మేలో ఆగిపోయే ల్యాప్‌టాప్‌లన్నీ నిజానికి జనవరిలోనే అంచు మీదున్నాయి.

మనకి ఉక్కపోత కాబట్టి ల్యాప్‌టాప్‌కీ ఉక్కపోతే అనుకోవడం సహజం. కానీ ల్యాప్‌టాప్‌కి చెమట పట్టదు. తేమ వల్ల మనకి చెమట ఆరదు గనక 35 డిగ్రీలు 45లా అనిపిస్తుంది. దానికి మాత్రం 35 అంటే 35. పల్నాడు పొడి ఎండలో 44 డిగ్రీల దగ్గర మనిషికి చెమట ఆరుతుంది గానీ, ల్యాప్‌టాప్‌కి ఆ 44 పూర్తిగా లెక్కే. ఈ ఒక్క విషయంలో మన ల్యాప్‌టాప్‌లే అదృష్టవంతులు.

తేమ దెబ్బ వేరే దారిలో కొడుతుంది. 34 డిగ్రీల గదిలో తేమ 65 శాతం ఉంటే, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. చల్లటి మంచినీళ్ల చెంబు బయట తడి పట్టేది ఇందుకే. ఇప్పుడు పిన్నిగారి ఫ్రిజ్ సలహా గుర్తుచేసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ల్యాప్‌టాప్ లోపలా బయటా చెంబే. దాన్ని ఆన్ చేయడమంటే తడి బోర్డుకి కరెంటు ఇవ్వడం. ఏసీని 20లో పెట్టిన గదిలోంచి వరండాలోకి తెచ్చినా కొంతవరకు ఇదే కథ, పావుగంట ఆగి ఆన్ చేయడం మేలు. ఎయిర్ కూలర్ ముందు పెట్టి వాడటం కూడా మన దగ్గర దండగ. ఇక్కడి గాలిలో కూలర్ నాలుగైదు డిగ్రీలకి మించి తగ్గించలేదు, తేమ మాత్రం దండిగా పోస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఆ తేమ కనెక్టర్లకి చిలుము పట్టిస్తుంది.

మన చేతిలో ఉన్నది చోటు, వేళ. సాయంత్రం ఆరు తర్వాత డాబా ఇంట్లో పై గది, పగలంతా కాగిన శ్లాబు కింద, వరండా కంటే వేడి. పరుపు మీద పెడితే కిందనున్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మా వాడు చేసింది అదే, మంచం మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. గట్టి బల్ల మీద పెట్టి వెనక రెండు మూలలా రెండు నీళ్లసీసా మూతలు పెట్టి లేపితే, చాలా కూలింగ్ ప్యాడ్‌లు ఇచ్చే లాభంలో మంచి భాగం ఉచితంగా వస్తుంది. ప్యాడ్ కొనే ముందు తిరగేసి చూడండి, అడుగున గాలి రంధ్రాలు ఉన్నాయా, ప్యాడ్ ఫ్యాన్లు వాటి కిందకే వస్తాయా? రంధ్రాలే లేని ల్యాప్‌టాప్‌కి ప్యాడ్ గాలి వీపు గోకినంత సుఖం.

బావగారి లో ఓల్టేజి మాటకి కూడా జవాబివ్వాలి. చార్జర్ మీద సన్నక్షరాల్లో 100 నుంచి 240 ఓల్టులు అని ఉంటుంది. ఇంట్లో 170కి పడిపోయినా ల్యాప్‌టాప్‌కి అందేది మామూలు 19 ఓల్టులే. చార్జర్ ఇటుక కొంచెం ఎక్కువ కాగుతుందంతే. అయితే ఆ పూట సీలింగ్ ఫ్యాను నీరసంగా తిరిగి గదిలో గాలి ఆడదు, ఆ లెక్కన బావగారికి సగం మార్కు.

వాన తగ్గించడం

విప్పకుండా, పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, కానీ ఎవరూ మొదట చెప్పరు. ఐ5, ఐ7లు అవసరమైనప్పుడు టర్బో పేరుతో అసలు వేగం మించి పరుగెత్తుతాయి. మూడో తరంలో బాగా అమ్ముడైన ఐ5-3210ఎం అసలు వేగం 2.5 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.1. వేగం పెరగాలంటే చిప్‌కి ఓల్టేజి కూడా పెంచాలి. వేడి వేగంతో సమంగా పెరుగుతుంది, ఓల్టేజితో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. ఉదాహరణకి వేగం 20 శాతం, దానికోసం ఓల్టేజి 10 శాతం పెరిగాయనుకోండి. 1.2 ఇంటూ 1.1 ఇంటూ 1.1, అంటే 1.45. ఇరవై శాతం పనికి నలభై అయిదు శాతం వేడి. ఆ చివరి పరుగుకి పెట్టే ఖర్చు అది.

దాన్ని ఆపడం తేలిక. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్. అక్కడ 100 ఉన్నచోట 99 పెట్టండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గానీ, 100 కంటే తగ్గగానే విండోస్ టర్బో అడగడం మానేస్తుంది. వర్డ్, బ్రౌజర్, ఆన్‌లైన్ పరీక్ష లాంటి వాటికి తేడా పెద్దగా తెలియదు. పాత ఐ3లకి అసలు టర్బోనే లేదు కాబట్టి ఈ చిట్కా వాటికి పనిచేయదు. వాటికి 80 పెట్టి చూడొచ్చు, నెమ్మది మాత్రం తెలుస్తుంది.

వానకి ఇంకో పెద్ద మేఘం యూట్యూబు. వీడియోని విప్పి చూపించడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది, అది చేస్తే వేడి చాలా తక్కువ. 2013 నాటి చిప్‌లోని ఆ భాగానికి హెచ్.264 అనే పాత పద్ధతి వచ్చు. యూట్యూబు ఇప్పుడు పంపేది ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో. ఇంటెల్‌లో వీపీ9 పూర్తిగా వచ్చింది ఏడో తరంతో, ఏవీ1 పదకొండో తరంతో. పాత ప్రాసెసర్ తనకి రాని ఆ భాషని ముక్కుతూ మూలుగుతూ సొంతంగా చదువుకోవాలి. అందుకే ఒక పాఠం వీడియో చూస్తుంటేనే ఫ్యాను హోరెత్తుతుంది. పాత పద్ధతిలోనే పంపమని అడిగే హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌కి తగిలిస్తే వాడకం కళ్లముందే తగ్గుతుంది. అదీ వద్దంటే వీడియో నాణ్యతని 480కి తగ్గించుకోండి, చిన్న తెర మీద పాఠానికి అది చాలు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం పాత ల్యాప్‌టాప్‌కి గొప్ప మేలు, కానీ అది వేగానికి, వేడికి కాదు.

ఎప్పుడు వదిలేయాలి

టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, నొక్కితే గట్టిగా తగులుతున్నా, చదునైన బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగుతున్నా లోపల బ్యాటరీ ఉబ్బింది. ఏళ్ల తరబడి వేడిలో నానిన దాని ఫలితం అది. ఇక చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, వంచొద్దు, చెత్తబుట్టలో పడేయొద్దు. తీయించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌లో తెర మీద గీతలు మొదలైతే, హీట్ గన్‌తో కాల్చి బతికిస్తామంటారు. బతుకుతుంది, చాలాసార్లు కొన్ని వారాలు. ఆ డబ్బు దాచుకోండి.

మా వాడి ల్యాప్‌టాప్‌కి అంత గతి పట్టలేదు. దుమ్ము అట్ట తీసి, పేస్టు మార్చాక అదే మాక్ టెస్ట్ పేజీకి 97 చూపించేది 84కి దిగింది. 99 పెట్టాక 73. మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకి, గది 28 ఉండగా, వరండాలో చెక్కపీట మీద రెండు సీసా మూతలు పెట్టుకుని పరీక్ష మొదటినుంచీ రాశాడు. మధ్యలో ఒకసారి లోపలికొచ్చి "మావయ్యా, ఫ్యాను వినబడట్లేదు, తిరుగుతోందంటావా?" అని అడిగాడు. జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడమన్నాను.